ఏప్రిల్ దాకా

చెకింగ్ వాళ్లు వచ్చిన రోజే ఈరమ్మకు జలుబు పట్టుకుంది.

విమానాల్లో ఇచ్చే భోజనం ట్రేలు సర్దే హాలు అది. ఏ కాలంలోనైనా లోపల చలే. నడిచే బెల్టుకు అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి ఉంటారు. ఒకరు ట్రేలో కాగితం పరిస్తే పక్కావిడ బన్ను పెడుతుంది, ఆ పక్కావిడ వెన్న, తర్వాత సలాడ్ గిన్నె, స్వీటు గిన్నె, చివరికి బోర్లించిన కప్పు. సలాడ్ గిన్నె సునీతది. స్వీటు గిన్నె ఈరమ్మది. సునీత చెయ్యి వెనక్కి రాకముందే ఈరమ్మ చెయ్యి ముందుకు వస్తుంది, అయినా రెండు చేతులూ ఎప్పుడూ తగులుకోవు. ఇన్నేళ్లలో ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ రోజు ఈరమ్మ తుమ్ము ఆపుకోవడానికి తల పక్కకు తిప్పింది. ఆ కాస్తలో రెండు ట్రేలు స్వీటు లేకుండా ముందుకు పోయాయి. విమాన కంపెనీ తరఫున వచ్చిన మనిషి సరిగ్గా ఆ రెండింటినే ఎత్తి పట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలు కాకముందే ఈరమ్మను గిన్నెలు కడిగే వైపు పంపించారు.

"నాకు జలుబు సారూ. రేపటికి తక్కువైతది," అంది ఈరమ్మ మాస్కు సర్దుకుంటూ.

"తెలుసక్కా. కొన్ని రోజులే," అన్నాడు సూపర్‌వైజర్ జగదీశ్, చేతిలోని అట్ట వైపు చూస్తూ. "వాళ్లు పేరు అడిగి మరీ పోయిన్రు. నేనేం చెయ్యాలె?"

ఈరమ్మ గ్లవ్స్ ఊడదీసి, డబ్బాలో వేసి, రబ్బరు తెరల వెనక్కి వెళ్లిపోయింది. ఆమె జాగాలో చురుకైన ఒక కొత్త పిల్లను నిలబెట్టారు. సాయంత్రం లోపల ఆ పిల్ల చెయ్యి సునీత చేతికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కలేదు. ప్రతిసారీ "సారీ అక్కా" అంటుంది. ఆ సారీలు వినీ వినీ సునీతకు తల బొప్పి కట్టింది.

డ్యూటీ దిగి లాకరు తీసేసరికి ఫోను నిండా కాలేజీ నుంచి వచ్చిన కాల్సే. గాజులు తొడుక్కుంటూనే చేసింది.

"మేడమ్, పొద్దుట్నుంచి చేస్తున్నాం," అన్నాడు అవతలి క్లర్కు. "సెక్షన్ మొత్తంలో మీ పాపది ఒక్కటే పెండింగ్. ఓటీపీ చెప్తే అయిపోతుంది."

"లోపలికి ఫోను తీస్కపోనియ్యరు సార్. పొద్దుగాల గదే చెప్పిన కద. ఇప్పుడు పంపుండ్రి, చెప్త."

"ఇప్పుడు సైటు ఓపెన్ కావట్లేదు మేడమ్."

"మరి నేనేం చెయ్యాలె?"

"రేపు మధ్యాహ్నం ఫోను దగ్గర ఉండండి."

ఇంజనీరింగ్ కోసం రాసే మెయిన్స్ పరీక్ష ఏడాదిలో రెండుసార్లు, జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి. రెండూ రాస్తే ఏది మెరుగ్గా వస్తే అదే లెక్క. జనవరి పరీక్షకు దరఖాస్తులు నవంబరులోనే పెట్టాలి. పిల్లలందరికీ కాలేజీ వాళ్లే నింపేస్తారు. అమ్మానాన్నలు చేయాల్సిందల్లా ఫోనుకు వచ్చిన అంకెలు చదివి చెప్పడం. అంత చిన్న పని వారం రోజులుగా తెమలడం లేదు. కాలేజీ వాళ్లు పంపినప్పుడు సునీత బెల్టు దగ్గర ఉంటుంది. సునీత లాకరు దగ్గరికి వచ్చేసరికి వాళ్ల సైటు పడుకుంటుంది.

వ్యాను దిగి రాళ్లగూడలో ఇంటికి వచ్చేసరికి మనీషా వంటింటి గట్టు మీద బీరకాయలు కోస్తోంది. కాలేజీ యూనిఫాం ఇంకా మార్చుకోలేదు.

"ఫోన్ చేసిన్రా?" అంది తలెత్తకుండానే.

"చేసిన్రు. రేపు చెప్త అన్న."

"చెప్పకమ్మా."

"మళ్ల షురూ చేసినవా?"

"జనవరిల రాయ. ఏప్రిల్‌ల రాస్త."

సునీత సంచి కింద పెట్టింది. "రెండుసార్లు రాయనిస్తుంటే ఒక్కసారే రాస్త అనెటోల్లని నిన్నే చూసిన. జనవరిల మంచిగ కాకపోతె ఏప్రిల్ ఉంటది. ఏం పోతది నీకు?"

"సెక్షన్ పోతది. ఎన్నిసార్లు చెప్పాలె? జనవరి మార్కులు రాంగనే సెక్షన్లు మారుస్తరు. తక్కువొచ్చినోల్లని పై ఫ్లోర్‌కు పంపుతరు. ఆడ స్వరాజ్యం మేడమ్ రాదు."

"తక్కువ ఎందుకొస్తయి? మంచిగ రాయి."

"జనవరికి నాకు రావు. ఏప్రిల్‌కు వస్తయి." మనీషా కత్తి ఆపింది. "ఫస్టియర్ లెక్కలు నాకు కాలే. మేడమ్ ఇప్పుడు మొదటికెల్లి చెప్తున్నది. మార్చి దాక పడ్తది. నడిమిట్ల లేపి పైన కూసుండబెట్టిన్రనుకో, అయిపాయె."

ఇది సునీత ఇదివరకు విన్నదే. విన్న ప్రతిసారీ అది చదవకపోవడానికి చెప్పే సాకులాగే వినిపించింది. పిల్ల చెప్పే పద్ధతి అలా ఉంటుంది మరి. మూతి ముడుచుకుని, గోడకేసి చూస్తూ.

అప్పుడే గోవర్ధన్ వచ్చాడు. ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబు నడుపుతాడు. పాసింజర్లు ఎక్కి దిగేలోపు కూతురి చదువు మీద ఎవరో ఒకరి సలహా మూటగట్టుకు వస్తాడు.

"ఇయ్యాల గచ్చిబౌలికి ఒక సారు ఎక్కిండు. ఆయన కొడుకు ఐఐటీల ఉన్నడంట," అన్నాడు కాళ్లు కడుక్కుంటూ. "జనవరిల రాయకపోవుడంటే టాస్ గెల్చి ఇంటికొచ్చినట్టే అన్నడు."

"నిన్నటి సారు ఏమన్నడు?" అంది మనీషా.

"నిన్నటాయన కూడ గదే అన్నడు. అందరు గదే అంటున్నరు. ఒక్క నువ్వే ఉల్టా."

"వాళ్లంత వచ్చి నాకు లెక్కలు చెప్తరా డాడీ?"

"చూసినవా దాని నోరు?" అని గోవర్ధన్ భార్య వైపు తిరిగాడు, ఆ నోరు సునీతే ఇచ్చినట్టు.

మోటారు వేయమని అడగడానికి పైనుంచి శాంతకుమారి దిగివచ్చింది. వాళ్లది కోస్తా వైపు. కిరాయికి దిగి నాలుగేళ్లయింది. ఆవిడ కూతురు సింధు కూడా మనీషా సెక్షనే, కాకపోతే మొదటి బెంచీ.

"మా సింధుకి రెండూ పెట్టేశామండీ," అంది గుమ్మం దగ్గరే నిలబడి. "జనవరిది ప్రాక్టీసు అనుకుంటే సరిపోతుంది. పిల్లలకి భయం పోతుంది. ఏమ్మా మనీషా, భయమా?"

"భయం కాదాంటీ."

"మరేమిటమ్మా?"

మనీషా కోసిన ముక్కలు గిన్నెలోకి తోసి లోపలికి వెళ్లిపోయింది. శాంతకుమారి జాలిగా నవ్వింది. ఆ జాలి చూసి సునీతకు ఒళ్లు మండింది. పిల్ల మీదో, శాంతకుమారి మీదో ఆమెకే తెలియలేదు. పొయ్యి మీద గిన్నె ఎత్తి పెట్టిన చప్పుడుకు గోవర్ధన్ లేచి బయటికి వెళ్లి కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి వదలగానే సునీత లాకర్ల వైపు దాదాపు పరిగెత్తింది. ముందు నలుగురున్నారు. ఒకామె తాళంచెవి దొరకక జేబులన్నీ వెతుక్కుంటోంది. సునీత వంతు వచ్చి ఫోను తీస్తే ఓటీపీ వచ్చి ఉంది. వచ్చి చాలాసేపయింది. కాలేజీకి చేస్తే, "అది ఎక్స్‌పైర్ అయిపోయింది మేడమ్, మళ్లీ పంపిస్తాను, లైన్‌లోనే ఉండండి" అన్నాడు క్లర్కు. లైన్‌లో ఉంటే మెసేజీ రాలేదు. పెట్టేశాక వచ్చింది. మళ్లీ చేస్తే ఎంగేజీ. ఈలోపు గంట సగం కరిగిపోయింది.

ప్లేటు తీసుకుని క్యాంటీన్‌లో కూర్చునేసరికి ఎదురుగా ఈరమ్మ ఉంది. జలుబు తగ్గినట్టుంది. గొంతు మామూలుగానే ఉంది. చేతివేళ్లు మాత్రం నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. అన్నం కలపడానికి ఇబ్బంది పడి చెంచా తెచ్చుకుంది.

"మళ్ల ఎప్పుడు పిలుస్తరంట అక్కా?" అంది సునీత.

"ఎవరు?"

"జగదీశ్ కొన్ని రోజులే అన్నడు కద."

ఈరమ్మ చెంచాతో పప్పు కలిపింది. "నా జాగల పెట్టిన పిల్ల ఎట్ల చేస్తుంది?"

"ఇంక చేతులు కొట్టుకుంటనే ఉన్నయి."

"నేర్చుకుంటది. ఇంకో వారంల మంచిగ చేస్తది. మంచిగ చేస్తే ఆమెను తీసి నన్నెందుకు పెడ్తరు?" మెల్లగా నమిలి మింగింది. "పెట్టినా గని, నెలరోజులు ఆ ఆవిర్ల నిలబడ్డంక నా చెయ్యి గంత స్పీడు రాదు. అప్పుడంటరు, చూసినవా, ఈమెకు చాతనైతలేదని."

"ఒక్కరోజు తప్పుకేనా?"

"ఒక్కరోజే చూసిన్రు కద పిల్లా వాళ్లు. తినరాదు, చల్లగైతుంది."

సునీత తిన్నది, కానీ ఏం తిన్నదో తెలియలేదు. గంట కొట్టారు. ఫోను లాకరులోకి వెళ్లింది. గ్లవ్స్ వేసుకుంటుంటే కొత్త పిల్ల పక్కకు వచ్చి నిలబడి, "అక్కా, ఇయ్యాల తగలకుండ చూస్త" అంది. సగం ట్రేలు దాటాక నిజంగానే తగలడం మానేసింది.

ఆ మర్నాడు సునీతకు వారపు సెలవు. దరఖాస్తుకు ఆఖరి రోజు కూడా అదే. ఇక ఫోన్లతో కాదనుకుని, ఇంటిపని పక్కన పడేసి, తనే బస్సెక్కి రాజేంద్రనగర్ వెళ్లింది. ఈ రోజు ఆ అంకెలు వాళ్ల మొహాన చదివి, ఈ పీడ వదిలించుకుని వస్తే తప్ప నిద్రపట్టదు. పిల్ల అలిగితే అలగనీ.

కాలేజీ నాలుగంతస్తుల భవనం. కింద ఒక బేకరీ, ఒక ఫోన్ల దుకాణం. డీన్ సారు రౌండ్స్‌లో ఉన్నారు, కూర్చోమన్నాడు క్లర్కు. కూర్చుంది. ఎంతకీ రాలేదు. నేల తుడుస్తున్న చంద్రమ్మ అనే ఆయమ్మ ఆమె కాళ్ల దగ్గర ఆగింది.

"జర కాళ్లెత్తమ్మా. మీ పాప ఏ క్లాసు?"

"సెకండియర్ ఎంపీసీ."

"కిందనా, పైననా?"

"గట్ల ఉంటదా?"

"మరి ఉండదా? మాకు ఫిబ్రవరిల మస్తు పని. జనవరి మార్కులు వస్తయి గద, కింద క్లాసులల్ల బెంచీలు తగ్గించి, అన్ని మోసుకపోయి పైన వెయ్యాలె. లిఫ్టు మాకియ్యరు." చంద్రమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "పోయినేడు మోసినప్పుడు పట్టిన నొప్పి ఇంక పోలే."

"పైనికెల్లి కిందికి ఎప్పుడు మోస్తరు?"

"కిందికా?" చంద్రమ్మ కాసేపు ఆలోచించింది. "ఎండకాలం సెలవులల్ల. పిల్లలు పోయినంక."

సునీత లేచింది. ఊరికే కూర్చోలేక మెట్లెక్కింది. నాలుగో అంతస్తు పైన రేకులు వేసిన హాలు ఉంది. ఇప్పటికే అక్కడ పిల్లలున్నారు, చాలామంది. ముందు కుర్చీలో ఒక కుర్రాడు ఫోను చూసుకుంటున్నాడు. పిల్లలు పుస్తకాల్లోంచి నోటు పుస్తకాల్లోకి జవాబులు ఎక్కించుకుంటున్నారు. అల్లరి చేయడం లేదు. ఎవరూ ఏమీ అడగడం లేదు. ఒకమ్మాయి అట్టతో విసురుకుంటూ గుమ్మంలో నిలబడ్డ సునీతను చూసి, ఎవరి తల్లో అనుకుని, మళ్లీ తల దించుకుంది.

దిగి వస్తుంటే రెండో అంతస్తులో తెలిసిన గొంతు వినిపించి ఆగింది.

సగం తెరిచిన తలుపులోంచి నల్లబల్ల కనిపిస్తోంది. పొట్టిగా, చేనేత చీర కట్టుకున్న ఆవిడ చేతిలో సుద్దముక్కతో నిలబడి ఉంది. స్వరాజ్యం మేడమ్ అయివుంటుంది. వెనక బెంచీలో మనీషా నిలబడి ఉంది.

"మూడో లైన్ నుంచి నాలుగో లైన్ ఎట్లొచ్చింది మేడమ్?"

ఆవిడ చెప్పింది. ముందు బెంచీల్లో ఎవరో నిట్టూర్చారు. మనీషా కూర్చోలేదు.

"అర్థం కాలేదు మేడమ్. ఇంకోసారి."

"ఎక్కడ పోయిందో చెప్పు."

"మైనస్ ఎక్కడికెల్లి వచ్చిందో నాకు తెలుస్తలేదు."

"అదీ అడగాల్సింది," అని ఆవిడ బల్ల సగం తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. మనీషా నిలబడే రాసుకుంది. పుస్తకం ఎడమ మోచేతి మీద ఆనించి, పెదవి కొరుక్కుంటూ. రాసి, ఆగి, తల ఊపింది. అప్పుడు కూర్చుంది.

ఇంట్లో ఏమడిగినా గోడకు సమాధానం చెప్పే పిల్ల. సునీత తలుపు పక్కకు జరిగింది, కనిపించకుండా.

డీన్ శ్రీరామమూర్తి మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. క్లర్కు పక్క బల్ల మీద కంప్యూటరు ముందు తయారుగా ఉన్నాడు.

"శ్రమ పడి వచ్చారమ్మా. నిమిషంలో అయిపోతుంది," అన్నాడు డీన్.

"జనవరి తర్వాత సెక్షన్లు మారుస్తరా సార్?"

"మారుస్తామమ్మా. పిల్లల మంచికే. ఎవరి స్థాయికి తగ్గ బోధన వాళ్లకి."

"పైన ఏప్రిల్ పరీక్షకు ఎవరు చెప్తరు?"

"పైన బోర్డు పరీక్షల మీద దృష్టి పెడతాం. మెయిన్స్‌కి మెటీరియల్ ఇస్తాం."

"అంటే ఎవ్వరు చెప్పరు."

"అలా కాదమ్మా," అన్నాడు ఓపికగా. ఎలా అన్నది మాత్రం చెప్పలేదు.

"పైకి పోయినోల్లు మళ్ల కిందికి వస్తరా సార్?"

"బాగా చేస్తే ఎందుకు రారూ?"

"పోయినేడు ఎవరన్న వచ్చిన్రా?"

డీన్ క్లర్కు వైపు చూశాడు. క్లర్కు కంప్యూటరు వైపు చూశాడు.

"మీ అమ్మాయి కష్టపడుతుందమ్మా. కొంచెం నిదానం, అంతే. మీరు ఇప్పటినుంచే పైన, కింద అని ఎందుకు ఆలోచిస్తారు?"

"జనవరిల రాయనోల్లని ఏం చేస్తరు?"

"రాయనివాళ్లంటూ ఉండరమ్మా."

"ఒకవేళ ఉంటే?"

"మార్కులు లేకుండా దేన్ని బట్టి మారుస్తాం? ఉన్నచోటే ఉంటారు." చెప్పాక, చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నట్టు సర్దుకుని కూర్చున్నాడు. "కానీ అది తెలివైన పని కాదు. రెండు అవకాశాల్లో ఒకటి చేజేతులా వదులుకున్నట్టు. రేపు ఏప్రిల్ రోజున ఒంట్లో బాగోకపోతే? పేపరు కష్టంగా వస్తే? అప్పుడు మీరే బాధపడతారు."

అది నిజమే. ఆ మాట సునీతకు సూటిగా తగిలింది. వారం రోజులుగా ఆమె కూతురితో అంటున్నదీ అదే కదా.

ఫోను మోగింది. మెసేజీ. ఆరంకెలు, అరచేతిలో, ఆలస్యం లేకుండా, లాకరు లేకుండా.

"చెప్పండి మేడమ్," అన్నాడు క్లర్కు వేళ్లు మీటల మీద పెట్టుకుని.

సునీత అంకెల వైపు చూసింది. మొదటి అంకె నోటిదాకా వచ్చింది. డీన్ అన్నట్టు ఏప్రిల్‌లో ఏమన్నా అయితే పిల్లకు ఇంకో దారి ఉండదు. కానీ ఫిబ్రవరిలో రేకుల కింద కూర్చోబెడితే ఆ ఏప్రిల్ ఉన్నా లేనట్టే. మైనస్ ఎక్కడ నుంచి వచ్చిందో అడగడానికి అక్కడ మనిషే ఉండదు. నిలబడి అడిగే ఆ అలవాటు కూడా పోతుంది. జనవరికి రావు, ఏప్రిల్‌కు వస్తాయి అని పిల్ల కూరగాయలు కోస్తూ చెప్పింది. తన సంగతి తాను అంత కచ్చితంగా లెక్కవేసుకున్న పిల్లను అందరూ కలిసి పిరికిదాని కింద జమకట్టారు.

"మేడమ్?"

"చెప్ప సార్."

"వచ్చింది కదండీ?"

"వచ్చింది. చెప్ప." ఆమె ఫోను సంచిలో పెట్టుకుంది. "ఏప్రిల్ది పెట్టెటప్పుడు పంపుండ్రి. ఏ టైముకు పంపినా చెప్త. ఆ రోజు సెలవు పెట్టుకుంట."

డీన్‌కు కోపం రాలేదు. విసుగు మాత్రం దాచుకోలేకపోయాడు. "మీ ఇష్టమమ్మా. తర్వాత కాలేజీ వాళ్లు చెప్పలేదని అనొద్దు."

"అన సార్."

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చింది. బేకరీ ముందు నిలబడి ఒక బస్సు వదిలేసింది. క్లర్కు మళ్లీ ఫోను చేశాడు. ఎత్తలేదు.

సాయంత్రం గోవర్ధన్‌కు చెబితే ముందు నమ్మలేదు. తర్వాత గొంతు పెంచాడు. "పనికట్టుకుని ఆడిదాక పోయి వద్దని వచ్చినవా? అది ఏడ్చిందని నువ్వు కరిగిపోయినవ్."

"అది ఏడ్వలే. అది క్లాసుల ఉండె. నేను వచ్చిన సంగతి కూడ దానికి తెల్వదు."

"మరి ఎవరు చెప్పిన్రు వద్దని?"

"నేనే వద్దన్న."

"నీకేం తెలుసు సునీతా? అందరు ఒక తీరు చెప్తుంటే—"

"అందరికి ఏం తెలుసు? నీ పాసింజర్లకు మన పిల్ల ఏ బెంచీల కూసుంటదో తెలుసా?"

శబ్దం విని శాంతకుమారి పైమెట్టు మీదికి వచ్చింది. "ఏమైందండీ? మనీషా మానేస్తానందా?"

"అది కాదండీ. నేను వద్దన్న," అంది సునీత తలెత్తి. రెండోసారి అనడం కాస్త తేలికైంది.

మనీషా గేటు దగ్గర నిలబడి ఉంది. కాలేజీ బస్సు దిగి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. భుజం మీద సంచీ అలాగే ఉంది.

"నిజంగ చెప్పలేదా?" అంది.

"లేదు."

పిల్ల సంతోషపడుతుందని సునీత దారంతా అనుకుంది. మనీషా మొహం తెల్లబోయింది. మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. ఒక ముడి బిగుసుకుపోయి రాలేదు. దాన్ని గోటితో గిల్లుతూ, "ఇగ ఒక్కటే ఉన్నట్టు," అంది.

"నువ్వే కద అడిగినవ్?"

"అడిగిన." ముడి రాలేదు. "మీరు నా మాట వింటరనుకోలే."

గోవర్ధన్ కూతురి వైపు ఒక అడుగు వేశాడు. "ఏప్రిల్‌ల రాకపోతే ఏం జేస్తవ్? చెప్పు ఇప్పుడే."

"రాకపోతే నన్ను తిట్టు," అంది సునీత మధ్యలోకి వచ్చి. "దాన్ని ఒక్క మాట అననియ్య. వద్దన్నది నేను, అది కాదు."

గోవర్ధన్ ఇద్దరినీ చూశాడు. బండి తాళాలు తీసుకుని, చెప్పులేసుకుని, సగం మాట ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. పైమెట్టు మీద శాంతకుమారి కూడా లోపలికి వెళ్లింది.

మనీషా ముడి విప్పకుండానే బూటు లాగేసింది. లేచి, గుమ్మం దాటబోతూ ఆగింది.

"అమ్మా, ఒకటి. ఏప్రిల్ దాక నన్ను ఎవ్వరు అడగొద్దు. ఏం చదివినవ్, ఎంత అయింది, మార్కులెన్ని. ఏది అడగొద్దు."

"అడగ."

"నువ్వు గూడ."

"అడగ అంటున్న కదనే."

మనీషా మొహం కడుక్కుని వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. సునీత ఆమె ముందు కంచం పెట్టింది. నల్లబల్ల మీద ఆ మేడమ్ రెండోసారి వేసిన లెక్క కళ్లముందే ఉంది. మైనస్ సంగతి తెలిసిందా, ఆ తర్వాతిది సొంతంగా చేయగలిగిందా, మార్చి దాకా అన్నీ అవుతాయా. ప్రశ్న నాలుక కొస మీదికి వచ్చి కూర్చుంది. మనీషా తలెత్తి చూసింది, దానికోసమే ఎదురుచూస్తున్నట్టు.

సునీత గరిటె తిప్పి గిన్నె అడుగు గీరింది.

"ఇంకొంచెం కూర వెయ్యాల్నా?" అంది.